ప్లాస్మా బల్ల కొనేముందు

తెలుగు పాఠం చెప్పే పంతులుకు ఇనుప రేకులతో పనేమిటని ఈ వ్యాసం చూచిన మిత్రులు నవ్వవచ్చు. ఆ పని లేకుండా ఉండటమే మంచిదని రెండేళ్ళ క్రితం వరకు మేమూ అనుకున్నాము. అప్పుడు మా పూర్వ విద్యార్థి ఒకడు, ఉంగుటూరు వద్ద జాతీయ రహదారి పక్కన తండ్రి నడిపే వెల్డింగు షెడ్డులో పని చేస్తున్నవాడు, ఇంగ్లీషు కొటేషను ఒకటి చేతబట్టుకొని మా ఇంటికి వచ్చాడు. "సార్, ఇందులో ఏది అవసరమో, ఏది లేకున్నా సరిపోతుందో చదివి చెప్పండి. అమ్మీ నగలు బ్యాంకులో పెట్టాము" అన్నాడు. ఆ సొమ్ముతోనే వాణ్ణి గల్ఫుకు పంపాలని ఇంట్లో మొదట అనుకున్నారట. వాడు వద్దని, ఇక్కడే ఉండి కంప్యూటరుతో నడిచే ప్లాస్మా కోత బల్ల పెడతానన్నాడు.

మేము చదివాము. టార్చి ఎత్తును తనంతట తానే సవరించే పరికరమని ఒక పంక్తి ఉన్నది. దానికి వేరే ధర. అలంకారశాస్త్రం చదివిన మాకు అదొక అలంకారంగా తోచింది. కొట్టివేయించమన్నాము. వాడు మా మాట విన్నాడు. ఈ వ్యాసం వ్రాయటానికి కారణం అదే.

ఇనుమును కోయటానికి గ్యాసు మంట మన పల్లెల్లో అందరికీ తెలుసు. ప్లాస్మా వేరు. సన్నని రాగి నాజిలు గుండా గాలిని వేగంగా పంపి, దానిలో విద్యుత్ చాపాన్ని రగిలిస్తే, ఆ గాలి ఇరవై వేల డిగ్రీల వేడి గల ప్లాస్మాగా మారి లోహాన్ని కరగించి క్రిందకు ఊదివేస్తుంది. ఈ పద్ధతికి అమెరికాలో 1957లో పేటెంటు లభించింది. సంఖ్యల ఆజ్ఞలతో యంత్రాన్ని నడిపించటం అంతకు ముందే, 1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రదర్శించారు. ఈ రెండూ కలిసినదే మనం చెప్పుకొనే బల్ల. పెద్ద కర్మాగారాల సొత్తుగా ఉన్న ఈ యంత్రం నేడు నాలుగడుగుల చదరానికి కుదించుకొని పల్లెటూరి షెడ్డులోనికి వచ్చింది.

ఇక మా తప్పు. టార్చికీ రేకుకూ మధ్య దూరం ఒకటిన్నర నుంచి మూడు మిల్లీమీటర్లు. కోత సాగుతున్నకొద్దీ వేడికి రేకు అప్పడంలాగా లేస్తుంది. లేచిన రేకు టార్చిని తాకితే నాజిలు పోతుంది. దూరమైతే కోత వంకరపోయి అడుగున చిట్టెం గడ్డకడుతుంది. చాపపు వోల్టేజి దూరంతో పాటు పెరుగుతుంది గనుక, దాన్ని క్షణక్షణం కొలిచి టార్చిని పైకీ క్రిందికీ కదిలించేదే మేము కొట్టివేయించిన ఆ పరికరం. మొదటి నెలలో మా విద్యార్థి పారవేసిన నాజిళ్ళను ఒక డబ్బాలో పోసి మాకు చూపించాడు. ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

అది చాలక, వాడు కొన్న కరెంటు పెట్టె చాపాన్ని అత్యధిక పౌనఃపున్యంతో రగిలించే రకం. టార్చి వెలిగినప్పుడల్లా పక్కనున్న కంప్యూటరు ఆగిపోయేది. చౌకలో దొరికే పెట్టెలలో ఈ రకం చాలా ఉన్నది. పైలట్ చాపాన్ని టార్చిలోని కదలికతో పుట్టించే రకం కొంత ఖరీదైనా కంప్యూటరు జోలికి రాదు. ఎర్తు మాత్రం ఏ రకానికైనా శ్రద్ధగా వేయవలసిందే.

కనుక మా అభిప్రాయం ఇది: డబ్బు తక్కువైతే బల్ల కొలత తగ్గించండి, టార్చినీ కరెంటు పెట్టెనూ ఎత్తు పరికరాన్నీ తగ్గించవద్దు. బజారులో రేకు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. దానంత బల్ల ఉండాలని అందరికీ ఆశ. రెండు చివరలా అడ్డు లేని నాలుగడుగుల బల్ల అయితే సగం కోసి, రేకును ముందుకు జరిపి, మిగతా సగం కోయవచ్చు. కాస్త ఓపిక కావాలి, అంతే.

ఎన్ని ఆంపియర్లన్నది కూడా మన ఊరి పనిని బట్టే తేలాలి. ఆ షెడ్డు పద్దుల పుస్తకం మేము తిరగవేశాము. ట్రాక్టరు దమ్ము చక్రాల పట్టీలు, ట్రాలీల మూలబిళ్ళలు, రైసు మిల్లుల జల్లెడ చట్రాలు, కొల్లేటి వైపు చేపల చెరువుల తూములకు తలుపులు, ఇళ్ళకు గేట్లు. అన్నీ రెండు నుంచి పది మిల్లీమీటర్ల మందం లోపలే. దీనికి 60 ఆంపియర్లు ధారాళంగా సరిపోతుంది. ఇంకొక సూక్ష్మం: పెట్టెమీద అరవై శాతం అని వ్రాసి ఉంటే పది నిమిషాలలో ఆరు నిమిషాలే నిండు బలంతో నడుస్తుందని అర్థం, అదీ సాధారణంగా నలభై డిగ్రీల వాతావరణానికి కట్టిన లెక్క. మన రోహిణీ కార్తెలో రేకుల షెడ్డు క్రింద ఆ లెక్క ఎంతవరకు నిలుస్తుందో పాఠకులే ఊహించగలరు.

అరవై ఆంపియర్ల పెట్టె నిండుగా నడిస్తే సుమారు ఎనిమిది కిలోవాట్లు లాగుతుంది. నిమిషానికి రెండువందల లీటర్ల గాలి, ఐదారు బార్ల ఒత్తిడితో కావాలి గనుక కంప్రెసరు మరొకటి. ఇంటి మీటరు దీనికి చాలదు, త్రీ ఫేజు కావాలి. ఆ దరఖాస్తు యంత్రం కొనటానికి ముందే పెట్టుకోవాలి. కొల్లేటి గాలిలో తేమ మనకు తెలిసినదే. ఆ తేమ కంప్రెసరు గొట్టంలో నీరై టార్చిలోనికి చేరితే, ఎలక్ట్రోడు కొనలోని హాఫ్నియం బిందువు గంటల్లో అరిగిపోతుంది. గాలిని ఆరబెట్టే పరికరం లేకుండా వానాకాలం గడవదు.

ఇది ఇంటి షెడ్డు అన్న సంగతి మరువరాదు. పిల్లలు తిరుగుతారు. చాపపు వెలుగు చూడకుండా తెర కట్టాలి. బల్ల క్రింద నీటి తొట్టి ఉంటే పొగ, ధూళి చాలావరకు అణుగుతాయి. కాని ఆ నీటిపై అల్యూమినియం కోస్తే హైడ్రోజను పుట్టి పేలే ప్రమాదం ఉన్నది. జింకు పూత రేకుల పొగ జ్వరం తెప్పిస్తుంది.

అసలు కొనటం అవసరమా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. పలుచని రేకుకు, గుండ్రని చిన్న రంధ్రాలకు లేజరు కోతతో ప్లాస్మా పోటీపడలేదు. విజయవాడ ఆటోనగరుకు రేకు పంపి కోయించుకోవచ్చు. మా సలహా ఏమంటే, ముందు ఆరు నెలలు బొమ్మ గీయటం నేర్చి, ఆ బొమ్మలను బయట కోయించి అమ్మండి. బేరం నిలిస్తే బల్ల కొనండి. చిత్రం గీయలేనివానికి బల్ల ఉత్త బల్లే. ఏలూరు తివాచీలు నేసిన మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. మగ్గం ఎంత మంచిదైనా ముందు నక్షా, తరువాతే ముడి. ఆజ్ఞల ప్రకారం యంత్రాన్ని నడిపించే లినక్స్ సిఎన్‌సి వంటి ఉచిత సాధనాలూ ఉన్నాయి. ఈ నేర్పుకు మన డిగ్రీ విద్యార్థులు తగరనటం మేము ఒప్పుకోము.

అప్పు విషయంలోనూ మేము ఆలస్యంగా మేలుకొన్నాము. 2008లో వచ్చిన ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమపు నియమాలలో, గ్రామాల్లో కొత్తగా యూనిట్ పెట్టే మైనారిటీలకు వ్యయంలో 35 శాతం రాయితీ, సొంత వాటా 5 శాతం అని ఉన్నది. నగలు తాకట్టు పెట్టటానికి ముందు జిల్లా పరిశ్రమల కేంద్రం మెట్లెక్కి విచారించి ఉండవలసింది. మేము కొటేషను చదివామే గాని, ఆ త్రోవ చూపలేదు.

ఎత్తు పరికరం తరువాత విడిగా కొన్నారు. మొదట అడిగిన ధర కంటే ఎక్కువే అయింది. ఇప్పుడు బల్ల నడుస్తున్నది. భీమడోలు, నారాయణపురం నుంచి కూడా బొమ్మలు తెచ్చి కోయించుకొంటున్నారు. మొన్న రంజానుకు రెండు గాజులు విడిపించారు. హారం ఇంకా బ్యాంకులోనే ఉన్నది.