పనిచేస్తోంది కదా!

మా గరాజులో ఒక పాత చెస్ట్ ఫ్రీజరు ఉంది. అందులో కరివేపాకు పొట్లాలూ, మామిడికాయ ముక్కలూ ఉంటాయనుకుంటే పొరపాటే. అయిదు గ్యాలన్ల బీరు పులుస్తూ ఉంటుంది. కంగారు పడకండి, ఇది దొంగ వ్యాపారం కాదు. 1978లో అధ్యక్షుడు కార్టరు సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను కట్టకుండా సొంతానికి చేసుకోవచ్చు. "ఇడ్లీపిండికి లేని వైభోగం దీనికెందుకండీ?" అంటుంది మా ఆవిడ.

వైభోగం అంటే ఉష్ణోగ్రత. ఏల్ రకం ఈస్టుకి 18 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ హాయిగా ఉంటుంది. పులిసేటప్పుడు దానంతట అదే వేడెక్కుతుంది కాబట్టి వేసవిలో చల్లబరచాలి. మా ఒహాయో చలికాలంలో గరాజు గడ్డకడుతుంది కాబట్టి వెచ్చబెట్టాలి. ఈ రెండు పనులూ చేసేది అరచేతిలో పట్టే ఒక కంట్రోలరు. తీగ చివర ఉన్న సెన్సరుతో వేడి చూసి, ఒక రిలేతో ఫ్రీజరునీ, ఇంకో రిలేతో హీటరునీ ఆన్, ఆఫ్ చేస్తుంది. ఇరవై డాలర్లకు వచ్చేస్తుంది. కానీ తీగలుండవు, పెట్టె ఉండదు. ఎక్స్‌టెన్షన్ తీగ కోసి, స్క్రూలు బిగించుకోవడం మన పని.

2012 చలికాలంలో నేనూ బిగించాను. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. కోసిన తీగలో నలుపు, తెలుపు, ఆకుపచ్చ కనబడ్డాయి. చిన్నప్పటి నుంచీ మా ఇంట్లో చూసిన వైరింగులో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. ఇక్కడ ఎరుపు లేదు. నలుపు న్యూట్రలైతే తెలుపే ఫేజు అయి ఉండాలనుకున్నాను. రంగుకి రంగు కలిపి, తెలుపు తీగ మధ్యలో రిలే పెట్టాను. ప్లగ్గు పెట్టగానే అంతా చక్కగా పనిచేసింది. మూడు వారాలు పనిచేసింది.

హీటరంటే అప్పట్లో ఖాళీ పెయింటు డబ్బాలో పెట్టిన 60 వాట్ల బల్బు. వేడి ఎక్కువవుతోందని 40 వాట్లది వేద్దామనుకున్నాను. బల్బు ఆరిపోయి ఉంది కదా అని ప్లగ్గు తియ్యలేదు. ఇది మొదటి తప్పు. కింద తడి సిమెంటు నేల, పాదాలకి రబ్బరు చెప్పులు కూడా లేవు. మర తిప్పుతుంటే వేలు బల్బు లోహపు అంచుకి తగిలింది. మోచేయి దాకా ఎవరో సుత్తితో కొట్టినట్టయింది. ఎగిరిపడ్డాను కాబట్టి బతికాను.

అమెరికాలో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రలు. నా రిలే న్యూట్రలుని తెంచింది. బల్బు ఆరింది, కానీ ఫేజు ఎక్కడికీ పోలేదు. ఫిలమెంటు గుండా మర దాకా వచ్చి, నా వేలి కోసం కాచుకుని కూర్చుంది. మన ఊళ్ళలో రెండు పిన్నుల బల్బులు నొక్కి తిప్పే అలవాటున్న చేతికి, ఈ మర బల్బుల సంగతి తట్టదు.

నేను చెప్పదలచుకున్నది ఇదే. "పనిచేస్తోంది కదా" అన్నది రుజువు కాదు. తప్పు తీగలో పెట్టిన రిలే కూడా ఒప్పు తీగలో పెట్టినట్టే పనిచేస్తుంది. శక్తికి మించిన మోటారు తగిలించిన రిలే కూడా కొన్నాళ్ళు పనిచేస్తుంది. కంప్రెసరు మొదలయ్యేటప్పుడు మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. కాబట్టి పది ఆంపియర్లని రాసి ఉన్నంత మాత్రాన సరిపోతుందని కాదు. ఏదో ఒకనాడు దాని కాంటాక్టులు అతుక్కుపోయి, ఆఫ్ అన్నా ఆగదు.

ఇది చదివి "మనకెందుకొచ్చిన గొడవ" అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళకి ప్లగ్గుతో సహా తయారుగా దొరికే కంట్రోలర్లున్నాయి, కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు. కానీ సొంతంగా చేసుకోవాలనుకునేవాళ్ళని మానెయ్యమని అనను. డిగ్రీని నమ్ముకోకుండా మీటరుని నమ్ముకోమంటాను. ముందు గోడ ప్లగ్గులో ఎర్తుకీ ఒక్కొక్క తీగకీ మధ్య వోల్టేజి చూడండి. 120 చూపించేదే ఫేజు, రిలే దాని మీదే ఉండాలి. అంతా బిగించి, పెట్టె మూసి, రిలే ఆఫ్‌లో ఉండగా హీటరు వైపు రెండు తీగలనీ ఎర్తుతో పోల్చి చూడండి. రెండూ సున్నా చూపించాలి. కంప్రెసరుకి మూడు నిమిషాల ఆలస్యం పెట్టండి, లోపలి పీడనం సర్దుకోవాలి. అన్నిటికన్నా ముందు జీఎఫ్‌సీఐ ఉన్న ప్లగ్గు వాడండి. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ అయిదారు మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే చాలు, తెంచేస్తుంది. మా పాత ఇంటి గరాజులో అది లేదు. షాకు కొట్టిన మర్నాడే పెట్టించాను.

దేశం మారితే రంగులు మారతాయి. బ్రిటన్‌లో 2006 నుంచి ఇళ్ళ కొత్త వైరింగంతా గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు. మన ఊరి మూడు ఫేజుల లైనులో అదే నీలం ఒక ఫేజు! వలస వచ్చినవాళ్ళం రోడ్డుకి ఏ పక్కన నడపాలో నెలల తరబడి నేర్చుకుని, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాం. గోడలోని తీగలకి ఆ పరీక్ష ఎవరూ పెట్టరు. మనకి మనమే పెట్టుకోవాలి.