మౌఖిక పరీక్షకు ఏ పుస్తకం?

తెలుగు మౌఖిక పరీక్ష దగ్గరపడిందంటే పిల్లలు మమ్మల్ని అడిగేది ఒకటే, "ఏ గైడు కొనాలి టీచర్?" అని. రాయ్‌పూర్‌లో తెలుగు పుస్తకం కావాలన్నప్పుడల్లా దొరకదు. సెలవులకు విశాఖో విజయవాడో వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి. అంత దూరం నుంచి మోసుకొచ్చేదాన్ని కాస్త చూసి ఎంచుకోమంటాం.

పాఠ్యపుస్తకం సంగతి తొందరగానే తేలుతుంది. సీబీఎస్‌ఈలో తెలుగు రెండు సబ్జెక్టులుగా ఉంది, ఆంధ్రప్రదేశ్‌ది ఒకటి, తెలంగాణది ఒకటి. మీది ఏదో సరిచూసుకుంటే చాలు. చిక్కంతా మాట్లాడడం నేర్పే పుస్తకంతోనే.

పరీక్షలో తప్పకుండా ఎదురయ్యే ప్రశ్న "మీది ఏ ఊరు?" బదిలీల మీద తిరిగే మాకే దీనికి ఒక్క మాటలో జవాబు రాదు. గైడు మాత్రం "మా గ్రామము పచ్చని పైరులతో కళకళలాడుచుండును" అని రాసిస్తుంది. జోధ్‌పూర్‌లో పుట్టి, సిల్చర్‌లో అక్షరాలు దిద్ది, ఇప్పుడు రాయ్‌పూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటున్న పిల్లకు ఆ గ్రామం ఎక్కడిది? బట్టీపట్టి అప్పజెప్పినా, "ఊళ్లో ఎవరెవరున్నారమ్మా?" అని ఇంకో ప్రశ్న వేస్తే నోరు పెగలదు. "పుట్టింది జోధ్‌పూర్‌లో. తాతయ్యవాళ్లది శ్రీకాకుళం. నాన్నకు బదిలీ అయితే ఇక్కడికొచ్చాం" అనడానికి పనికొచ్చే వాక్యాలున్న పుస్తకం కొనండి.

ఈ తగవు పాతదే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడుల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఆంగ్లేయుడు, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి పంతులుగారు వ్యావహారిక భాషోద్యమం వైపు కదలడానికి ఆ ప్రశ్న ఒక కారణమైంది. సవర భాషను ఆయన నేర్చుకున్నదీ సవరలు మాట్లాడుతుంటే వినే. ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. ఆ రోజు వేదికెక్కి "నేను ప్రసంగించుచున్నాను" అనేవాళ్లను చూస్తే మాకు నవ్వాగదు.

పుస్తకంలో ఇంకొకటి కూడా చూడండి. మన పిల్లల్లో చాలామందికి తెలుగంటే ఇంట్లో అమ్మానాన్నలు తమతో మాట్లాడేదే. అందుకే "టీచర్, నువ్వు రా" అనేస్తారు. అందులో పొగరేమీ లేదు, "మీరు రండి" అనే మాట వాళ్ల చెవిన పడలేదంతే. పెద్దలతో, దుకాణంలో, ఫోన్‌లో జరిగే సంభాషణలున్న పుస్తకమైతే ఈ లోటు తీరుతుంది. తెలంగాణ పిల్ల "నేను వచ్చిన" అంటే తప్పని కొట్టేసే పుస్తకాన్ని మాత్రం అక్కడే వదిలేసి రండి.

కొన్నాక ఒంటరిగా చదవొద్దు. ఒక పాత్ర మీరు, ఇంకో పాత్ర అమ్మ. అమ్మకు తీరిక లేకపోతే శ్రీకాకుళం తాతయ్యకు ఫోన్ చేయండి.