వండబుద్ధి కాని పూట

‘ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు’ అన్నారు పెద్దలు. అలసట ఏమి ఎరుగదో మాత్రం వారు చెప్పలేదు. అలసట పొయ్యినెరుగదని మా అభిప్రాయం.

ఉదయం మొదటి గంటలో హాజరు తీసుకొన్న పిదప, ఏమి తిని వచ్చారని విద్యార్థులను అడగటం మాకు అలవాటు. పరిసర గ్రామాల నుండి బస్సుల్లోనూ రైలులోనూ ఆలేరు చేరుకొనే వారిలో కొందరు ‘టీ తాగి వచ్చాం సార్’ అంటారు. కారణమడిగితే ‘అమ్మకు జ్వరం’ అని ఒకరు, ‘అమ్మ పొద్దున్నే నాట్లకు పోయింది’ అని మరొకరు. అమ్మ పొయ్యి వెలిగించకపోతే పద్దెనిమిదేళ్ల కుమారుడు పస్తుండవలసినదేనా? ఇంటిలో బియ్యం లేక కాదు, చేత విద్య లేక ఈ పస్తు.

ఇతరులను నిందించే ముందు మా తప్పును ఒప్పుకోవటం న్యాయం. విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజుల్లో, గదిలో బియ్యపు సంచి ఉండగా బిస్కెట్లతో రాత్రులు గడిపిన ఘనులం మేము. ఆ దుస్థితి నుండి మమ్మల్ని కాపాడినది కిచిడీ. రెండు గ్లాసుల బియ్యం, ఒక గ్లాసు మసూర్ పప్పు కడిగి, పసుపు, ఉప్పు, ఒక ఉల్లిగడ్డ వేసి, ఆరు గ్లాసుల నీరు పోస్తే అరగంటలో ముగ్గురికి భోజనం. కడగవలసిన గిన్నె ఒక్కటే! 14వ శతాబ్దంలో మన దేశానికి వచ్చిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, పెసలు, బియ్యం కలిపి వండి నేతితో తినే కిచిడీ ఇక్కడివారి ఉదయపు ఆహారమని వ్రాశాడు. బియ్యంలో కొరవడిన లైసిన్ అనే పోషకాంశాన్ని పప్పు పూరిస్తుంది. కనుక ఇది సోమరి వంట కాదు, తెలివిగల వంట.

కిచిడీకి తోడు ఖట్టా. చింతపండు రసంలో నువ్వుల పొడి, ఉల్లి, పచ్చిమిర్చి కలిపి పైన పోపు పెడితే చాలు, మరిగించే పని లేదు. ఇదే విధంగా తెలుగు ఇళ్లలో చేసేది పచ్చిపులుసు. నువ్వుల పొడి వేసే ఇళ్లు అక్కడా ఉన్నవి. ఉర్దూలో ఒక పేరు, తెలుగులో ఒక పేరు, పుల్లదనం ఒక్కటే. రెండు భాషల ఈ సంచికలో ఇంతకంటె తగిన ఉదాహరణ మాకు తోచలేదు. రంజాను మాసంలో సహరీకి కిచిడీ వండే తల్లికీ, మగ్గం దిగి పచ్చిపులుసు పిసికే నేతగాని ఇల్లాలికీ ఉన్న ఇబ్బంది ఒక్కటే: సమయం తక్కువ, ఒంట్లో శక్తి తక్కువ.

మన నల్లగొండ, పాలమూరు మెట్టనేలల్లో ఇటువంటి వంటలకు కొదువ లేదు. జొన్న గటక ఉన్నది, అంబలి ఉన్నది, రాత్రి అన్నంలో మజ్జిగ పోసి ఉల్లిగడ్డతో తినే చద్ది ఉన్నది. ఎండాకాలంలో పాచివాసన వేస్తే మాత్రం చద్దిని పారవేయవలసిందే. గటకను పేదల కూడని చిన్నచూపు చూసిన మనమే, ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన పిమ్మట జొన్నల గొప్పతనం గురించి ఉపన్యాసాలు విన్నాము!

పొట్లం విప్పి వేడినీళ్లలో వేసే నూడుల్స్ ఉండగా ఇవన్నీ ఎందుకని యువకులు అడుగవచ్చు. ఎప్పుడో ఒకపూట తింటే మేము కాదనము. కాని మైదా, ఉప్పు, నూనె నిత్యభోజనం కారాదు. పైగా పొట్లం కొనటానికి జేబులో డబ్బుండాలి, పచ్చిపులుసుకు ఇంటిలోని చింతపండు చాలు.

ఇంతకూ మేము చెప్పదలచినది వంటను గూర్చి మాత్రమే కాదు. ‘ఈ పూట వండలేను’ అని తల్లి గాని, చెల్లెలు గాని అన్నప్పుడు అది నేరాంగీకారంగా వినిపించరాదు. ‘నీవు కూర్చో అమ్మా, కిచిడీ నేను పెడతాను’ అనే జవాబు కుమారుని నోట రావాలి. పట్టభద్రుడై కూడా ఆ మాట అనలేనివాని చదువులో ఏదో వెలితి ఉన్నట్లే.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వార్షికోత్సవంలో వక్తృత్వ, వ్యాసరచన పోటీలతో పాటు బాలురకు ఒక వంట పోటీ పెట్టండి. నియమాలు రెండే: ఒక్క గిన్నె, అరగంట వ్యవధి. న్యాయనిర్ణేతలుగా తల్లులను పిలవండి. ఆ ఒక్కరోజైనా వారు కూర్చొని తింటారు.