ఆరోగ్య విషయములు: కీమో చికిత్సలో వచ్చు జ్వరము



మన యిండ్లలో జ్వరమనగా నెవరును బెదరరు. ఒక పూట లంఖణము, మిరియాల కషాయము, నుదుట తడిగుడ్డ. తెల్లవారినను తగ్గకున్నచో అప్పుడు వైద్యుడు. సామాన్య జ్వరములకు ఈ నిదానము చాలవరకు చెల్లును. కాని క్యాన్సరునకు కీమో చికిత్స పొందుచున్నవారికి జ్వరము వచ్చినపుడు ఈ నిదానమే ప్రాణాపాయకరము. ఈ మాసమున ఆ విషయమునే ముచ్చటింతము.

నేనెరిగిన యొక యింటి గృహిణికి స్తనమున క్యాన్సరు కనబడి కీమో చికిత్స జరుగుచుండెను. రెండవ విడత మందు ఎక్కించిన పదవనాటి రాత్రి ఆమెకు చలితో జ్వరము వచ్చెను. పగలెల్ల తనకై శ్రమించిన అత్తగారిని, మరునాడు కచేరికి పోవలసిన భర్తను లేపుటకు మనసొప్పక, ఆమె తానే పారాసిటమాలు బిళ్ల యొకటి మ్రింగి పండుకొనెను. చెమట పట్టి జ్వరము దిగెను. తెల్లవారి అత్తగారు కాఫీ యిచ్చుటకు పోయి చూడగా కోడలి చేతులు చల్లబడియుండెను. పిలిచినను సరిగా పలుకకుండెను. ఆసుపత్రిలో పదునొకండు దినములు శ్రమించి వైద్యులామెను దక్కించిరి. "అత్తయ్యా అని యొక్కసారి పిలిచియున్న చాలును గదా!" యని ఆ పెద్దామె నేటికిని కంటతడి పెట్టును.

ఇట్లేల జరిగెను? కీమో మందులు వేగముగా వృద్ధిపొందు కణములను చంపును. క్యాన్సరు కణములట్టివి. ఎముకల మూలుగలో తెల్ల రక్తకణములను పుట్టించు కణములును అట్టివే. తెల్లకణములలో న్యూట్రోఫిలులనునవి మన దేహమునకు కావలివారు. మందు ఎక్కించిన తరువాత సాధారణముగా ఏడవ దినమునకును పదునాలుగవ దినమునకును నడుమ వాని సంఖ్య మిక్కిలి తగ్గును. మైక్రోలీటరు రక్తమున అవి 500 కంటె తగ్గినచో, మన నోటిలోను, ప్రేగులలోను, చర్మముమీదను ఎప్పుడును ఉండు సూక్ష్మజీవులే రక్తములో ప్రవేశించి విజృంభింపగలవు.

ఇందొక చిత్రము కలదు. పుండున చీము పట్టుట, ఎఱ్ఱబడి వాచుట మొదలగునవి ఎక్కువగా ఈ తెల్లకణముల పోరాటమువలన కలుగునవి. పోరాడువారే లేనపుడు ఆ గుర్తులును కనబడవు. కావలివారు లేని యింట దొంగ పడినను అలికిడి యుండదు గదా! అట్టియెడ మనకు తెలియవచ్చు హెచ్చరిక ఒక్కొక్కప్పుడు జ్వరమొక్కటియే. దానిని బిళ్లతో అణచుట, హెచ్చరించువాని నోరు మూయుటయే.

కావున ఇంట మంచి థర్మామీటరు తప్పక యుండవలెను. నుదుట చేయి పెట్టి నిశ్చయింపరాదు. నాలుక క్రిందనో చంకలోనో పెట్టి చూడవలెను. మలద్వారమున పెట్టరాదు, అచ్చట కలుగు చిన్న గాయమైనను సూక్ష్మజీవులకు త్రోవయగును. 100.4 డిగ్రీలు చూపినచో, అది ఏ వేళయైనను, వెంటనే చికిత్స చేయుచున్న ఆసుపత్రికి తెలిపి బయలుదేరవలెను. మీ వైద్యుడు వేరొక అంకె చెప్పియున్నచో అదియే ప్రమాణము. జ్వరము లేకున్నను వణకు పుట్టినను, ఊపిరాడకున్నను, మాట తడబడినను, మూత్రము తగ్గినను ఆలస్యము కూడదు. స్టీరాయిడు మందులు వాడువారికి జ్వరము పైకి తెలియకపోవచ్చును. వైద్యుని యడుగక పారాసిటమాలు ఈయరాదు. ఆస్పిరిను, ఐబుప్రొఫెను అసలే కూడవు. ప్లేట్లెట్లు తగ్గియున్నవేళ అవి రక్తస్రావమునకు కారణమగును.

ఆసుపత్రి గడప దాటగనే చెప్పవలసిన మొదటి మాట ఇది: "కీమో చికిత్సలోనున్నారు, జ్వరము వచ్చినది." ఈ మాట చెప్పక వరుసలో కూర్చుండరాదు. వైద్యులు రక్తము పరీక్షకు తీసి, ఫలితమునకై వేచియుండక, సాధ్యమైనంతవరకు ఒక గంటలోపల యాంటీబయాటిక్కులు మొదలిడుదురు. ఈ తొందరయే ప్రాణములు నిలుపును.

ఈ సందర్భమున మనకు గర్వకారణమైన సంగతి యొకటి. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థ పరిశోధనలకు అధిపతిగా నుండిరి. అచ్చట తయారైన అమినోప్టెరినుతో పిల్లల రక్తక్యాన్సరు కొంతకాలమైనను లొంగినదని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు 1948లో ప్రకటించెను. ఆ యేటనే ఆరియోమైసిను అను యాంటీబయాటిక్కును అచ్చటినుండియే వెలువడెను. క్యాన్సరును ఎదుర్కొను మందును, సూక్ష్మజీవులను చంపు మందును ఒక్క తెలుగువాని పర్యవేక్షణమున ఉద్భవించినవి. నేటి చికిత్సకు ఈ రెండు తెగల మందులును కావలసినవే.

ఇక ముందుగా చేసికొనవలసిన యేర్పాట్లు. మందు ఎక్కించిన తేదీని పంచాంగముమీద గుర్తించి, ఏడవ దినమునుండి ప్రొద్దున సాయంకాలము వేడిని చూచి వ్రాసియుంచుడు. చికిత్స కాగితములు, మందుల చీటీలు, రెండు చీరలు ఒక సంచిలో సిద్ధముగా నుండవలెను. ఆసుపత్రి ఫోను సంఖ్య వంటయింటి గోడమీద వ్రాయుడు. పల్లెటూళ్లవారు రాత్రివేళ తెరచియుండు సమీపపు ఆసుపత్రి యేదో వైద్యుని ముందే యడిగి తెలిసికొనవలెను. బండి దొరకనిచో 108 కలదు. రోగికి లంఖణము వలదు. అప్పుడు వండిన వేడి యన్నము, కాచి చల్లార్చిన నీరు, శుభ్రముగా కడిగి తొక్క తీసిన పండ్లు ఈయవలెను. ఇంటిల్లిపాది సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. దగ్గు పడిసెములున్న చుట్టములను గుమ్మమునుండియే మర్యాదగా పంపివేయుడు.

చికిత్సలోనున్న సోదరీ! ఇంటివారి నిద్ర చెడునని జ్వరమును దాచకుము. అత్తలారా, తల్లులారా! "ఏ వేళనైనను లేపుము తల్లీ" యని మీరే ముందుగా ఆమెతో చెప్పుడు. ఆ మాట విన్న బిడ్డ అర్ధరాత్రివేళ మిమ్ము పిలుచుటకు సందేహింపదు.