ఓటు సొంతమే, ఇల్లు మాత్రం నాన్న కార్డులోనే: పోర్టు పక్కన నౌపడ యువత లెక్క

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని నౌపడ పేరు చెప్పగానే పెద్దవాళ్లకు రెండు గుర్తుకొస్తాయి. ఒకటి ఉప్పు మడులు. రెండోది గుణుపూర్ లైను విడిపోయే రైల్వే జంక్షన్. ఇప్పుడు మూడో పేరు వచ్చి చేరింది. అది మూలపేట పోర్టు.

2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి మూలపేటలో పోర్టుకు శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం రూ.4,362 కోట్లు, నాలుగు బెర్తులు. పోర్టు కోసం ఊళ్లు వదలాల్సిన మూలపేట, విష్ణుచక్రం గ్రామాల 594 కుటుంబాలకు నౌపడలో 55 ఎకరాల్లో, రూ.109 కోట్లతో పునరావాస కాలనీ కడతామని ప్రభుత్వం ఆరోజే ప్రకటించింది. 2024లో ప్రభుత్వం మారింది. పోర్టు మాత్రం ఆగలేదు.

ఈ ప్రకటనలో అందరి కళ్లూ కోట్ల మీదే పడ్డాయి. ఇల్లు లేని పాతికేళ్ల కుర్రాడికి అసలు ప్రశ్న ఉన్నది వేరే మాటలో. అది 'కుటుంబం' అనే మాట. 594 కుటుంబాలంటే ఎవరెవరు? పెళ్లి కాని పెద్ద కొడుకు ఒక కుటుంబమా, తండ్రి కుటుంబంలో ఒక తలకాయా? ఇంట్లో ఉన్న 22 ఏళ్ల ఆడపిల్ల సంగతేంటి?

చట్టం ఒకలా, కార్డు ఇంకోలా

2013 భూసేకరణ చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. మేజర్ అయిన ఆడ, మగ ఎవరైనా సరే, పెళ్లయినా కాకపోయినా, పిల్లలున్నా లేకపోయినా విడి కుటుంబంగానే లెక్క. వితంతువులు, విడాకులు పొందిన వాళ్లు, భర్త వదిలేసిన ఆడవాళ్లు కూడా విడి కుటుంబాలే. ఊళ్లో సొంత స్థలం లేకపోయినా, నోటిఫికేషన్‌కు ముందు వరుసగా మూడేళ్లు అక్కడే ఉండి, ఇప్పుడు ఖాళీ చేయాల్సి వస్తే వాళ్లకూ ఇంటి హక్కు ఉంటుంది. అంటే అద్దెకున్న వాళ్లని కూడా చట్టం పూర్తిగా వదిలేయలేదు. ఇచ్చే ఇంటి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండొచ్చు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు భూమి తీసుకున్న సంస్థే కట్టాలి.

ఇక మామూలు రోజుల్లో ఇచ్చే ఇళ్ల స్థలాల పథకాలకు రండి. అక్కడ రేషన్ కార్డే దిక్కు. కార్డులో ఎంతమంది పెద్దవాళ్లున్నా ఒకటే యూనిట్. తండ్రి పేరున ఎప్పుడో ఒక ఇల్లు వచ్చి ఉంటే, అదే కార్డులో ఉన్న కొడుకు దరఖాస్తు పెట్టగానే 'మీకు ఇల్లు ఉంది' అని వస్తుంది. కార్డు విడగొట్టుకోవాలంటే పెళ్లి కావాలి. పెళ్లి కావాలంటే అమ్మాయి తరఫు వాళ్లు ముందు అడిగేది 'ఇల్లుందా?' అని. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఈ తరానికి ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి.

అంటే ఒకే మనిషి, ఒకే వయసు. పోర్టు కింద ఊరు పోతే అతనొక కుటుంబం. ఊరు పోకపోతే నాన్న కార్డులో ఒక పేరు మాత్రమే. పోర్టు కింద ఊరు పోయినా తేదీ దగ్గర పేచీ ఉంటుంది. ఏ తేదీ నాటికి 18 నిండాలి అన్నది పోలవరం నిర్వాసితుల దగ్గరా, తెలంగాణలో మల్లన్నసాగర్ దగ్గరా పెద్ద గొడవైంది. నోటిఫికేషన్ నాటికి 17 ఏళ్లున్న పిల్లాడు, ఊరు నిజంగా ఖాళీ అయ్యేసరికి పాతికకు దగ్గర పడతాడు. కాగితం మీద మాత్రం ఇంకా మైనరే.

రేటు పెరిగితే ఎవరికి లాభం?

పోర్టు వస్తే చుట్టుపక్కల భూముల రేట్లు పెరుగుతాయి. ఇల్లు ఉన్న వాళ్లకు అది మంచి వార్తే. ఇంటి ఇవాళ్టి ధరలోంచి దాని మీదున్న అప్పు తీసేస్తే మిగిలేదే ఇంట్లో మన సొంత వాటా. రేటు పెరిగిన కొద్దీ కూర్చున్న చోటే ఆ వాటా పెరుగుతుంది. అయితే దాన్ని చేతిలోకి తెచ్చుకోవడం వేరే సంగతి.

ఒక ఉదాహరణ చూద్దాం. తండ్రి 2 లక్షలకు కొన్న స్థలం ఇప్పుడు 12 లక్షలు పలుకుతోంది అనుకోండి. కాగితం మీద 10 లక్షల లాభం. ఆయనకున్నది ఆ ఒక్కటే. అమ్మితే మళ్లీ అదే రేటుకు ఇంకో చోట కొనుక్కోవాలి. కాబట్టి లాభం గోడల్లోనే ఉండిపోతుంది.

పక్కనే అలాంటి స్థలమే కొడుకు కొనాలంటే 12 లక్షలు, దాని మీద స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 90 వేలు. నెలకు 15 వేలు సంపాదించి, అందులో 3 వేలు మిగిల్చే కుర్రాడికి ఈ 12 లక్షల 90 వేలు కూడబెట్టడానికి దగ్గర దగ్గర 36 ఏళ్లు పడుతుంది. అదీ రేటు ఇవాళ్టి దగ్గరే ఆగిపోతే. ఇదింకా ఖాళీ స్థలం లెక్కే, గోడలు లేవలేదు. తండ్రి ఆస్తి పెరిగింది అన్న వార్త, కొడుకు చేతికి ఇల్లు అందదు అన్న వార్త రెండూ ఒకటే.

ఇది నౌపడకే వచ్చిన కష్టం కాదు. లండన్‌లో, సిడ్నీలో కూడా ఇల్లున్న పాత తరానికీ, అద్దె కడుతున్న కొత్త తరానికీ మధ్య ఇదే పేచీ నడుస్తోంది. తేడా ఎక్కడంటే, అక్కడి తండ్రి ఇంటిని బ్యాంకులో పెట్టి కొడుక్కి డబ్బు సర్దగలడు. మన పల్లెల్లో చాలా ఇళ్లకు ఆ దారీ లేదు.

ఇల్లుంది, కాగితం లేదు

పల్లెల్లో పాత ఇళ్లు చాలావరకు గ్రామకంఠం భూమిలో ఉంటాయి. తరాలుగా ఉంటున్నారు, ఇంటి పన్ను కడుతున్నారు, చేతిలో రిజిస్టర్డ్ దస్తావేజు మాత్రం ఉండదు. ప్రభుత్వం ఇచ్చిన పట్టా స్థలమైతే అసైన్డ్ చట్టం ప్రకారం అమ్మకానికి, బదిలీకి ఆంక్షలుంటాయి. బ్యాంకు మేనేజర్ ముందు ఈ రెండిటికీ విలువ తక్కువే.

ఈ చిక్కు ప్రభుత్వాలకు తెలియనిది కాదు. 2020లో కేంద్రం స్వామిత్వ పేరుతో పల్లె ఇళ్లకు డ్రోన్ సర్వే మొదలుపెట్టింది. 2021 డిసెంబర్‌లో రాష్ట్రం ఓటీఎస్ పథకం తెచ్చింది. పాత హౌసింగ్ లోన్లున్న వాళ్లు పల్లెల్లో 10 వేలు, మున్సిపాలిటీల్లో 15 వేలు, కార్పొరేషన్లలో 20 వేలు కడితే పూర్తి హక్కు రాసిస్తామంది. దశాబ్దాలుగా ఉంటున్న ఇంటికి ఇప్పుడు డబ్బు కట్టాలా అని కొందరు కోప్పడ్డారు, కాగితం చేతికొచ్చిందని కొందరు సంతోషపడ్డారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది.

కాగితం మీద ధర తక్కువ రాయించే అలవాటు కూడా ఇక్కడే దెబ్బ కొడుతుంది. భూసేకరణలో మార్కెట్ విలువ కట్టేటప్పుడు గత మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్ల ధరలు కూడా చూస్తారు. అందరూ డ్యూటీ మిగుల్చుకోవడానికి తక్కువ రాయిస్తే, రేపు భూమి పోయినప్పుడు పరిహారం కూడా ఆ తక్కువ ధర చుట్టూనే తిరుగుతుంది. ఇవాళ వేలల్లో మిగిలింది రేపు లక్షల్లో పోతుంది.

మన ఇళ్లల్లో ఇంకో రెండు చిక్కులు

శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు ఒక శాతం కూడా ఉండరు. టెక్కలి, పలాస-కాశీబుగ్గ, ఇచ్ఛాపురం లాంటి చోట్ల చిన్న వ్యాపారాలు, మెకానిక్ పనులు చేసుకునే కుటుంబాలే ఎక్కువ. వీళ్లకు పై కష్టాలన్నీ ఉన్నాయి, ఇంకో రెండు అదనం.

మొదటిది సూద్. 20 లక్షల హోమ్ లోన్ ఎనిమిదిన్నర శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 17,350 రూపాయల కిస్తీ. మొత్తం కట్టేది 41 లక్షల 65 వేల దాకా. అంటే వడ్డీయే అసలును దాటిపోతుంది. దీన్ గురించి ఆలోచించి వద్దనుకునే వాళ్లకు బ్యాంకుల్లో వేరే దారి లేదు. వడ్డీ లేని బ్యాంకింగ్ గురించి ఆలోచించాలని రఘురామ్ రాజన్ కమిటీ 2008లోనే చెప్పింది. 2017లో రిజర్వ్ బ్యాంక్ ఆ ప్రతిపాదనను పక్కన పెట్టేసింది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలో గరిష్ఠంగా 1 లక్ష 80 వేల దాకా సబ్సిడీ ఉంది, కానీ అది వడ్డీ మీద సబ్సిడీ. లోన్ తీసుకోని వాడికి ఆ దారిన వచ్చేది సున్నా. చివరికి గల్ఫ్‌కు వెళ్లి రావడమో, బంధువుల దగ్గర చేబదులో, చిట్టీయో మిగులుతోంది.

రెండోది విరాసత్. తండ్రి పోయాక ఇల్లు ఏళ్ల తరబడి ఆయన పేరునే ఉండిపోతుంది. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి. భార్యకు ఎనిమిదో వంతు, మిగిలిన దాంట్లో కొడుకులకు రెండేసి వాటాలు, కూతురికి ఒక వాటా. 12 లక్షల ఇంట్లో తల్లికి లక్షన్నర, కొడుకులకు 4 లక్షల 20 వేల చొప్పున, కూతురికి 2 లక్షల 10 వేలు. లెక్క తేలికే. ఒకటిన్నర సెంటు అంటే 72 గజాల పైచిలుకు స్థలాన్ని నలుగురికి ఎలా కోస్తారు? అందుకే ఎవరూ కొయ్యరు, రాతకోతలూ ఉండవు. చివరికి ఆడపిల్లనే 'వదిలెయ్యమ్మా' అంటారు. అది షరియత్ చెప్పిన మాట కాదు, ఇల్లు చాలక చెప్పే మాట. రేట్లు పెరిగిన కొద్దీ ఆ వదిలేసే వాటా విలువా పెరుగుతోంది, అన్నాచెల్లెళ్ల మధ్య మాటలు పడే రోజులూ దగ్గరవుతున్నాయి.

ఓటు మారింది, ప్రశ్న మారలేదు

2019లో ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాలో పది సీట్లలో ఎనిమిది వైఎస్సార్‌సీపీకి ఇచ్చారు. 2024లో పదికి పది కూటమికి ఇచ్చారు. ఐదేళ్లలో ఇంత తిరగబడిన జిల్లాని 'ఫలానా పార్టీ కంచుకోట' అనడం కష్టం.

2020 డిసెంబర్ 25న మొదలైన ఇళ్ల పట్టాల పథకంలో పల్లెల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు ఇచ్చారు. లక్షల మందికి పట్టా అందింది. ఇంటికి ఇచ్చిన రూ.1.80 లక్షలు గోడలకే సరిపోవని, చాలా లేఅవుట్లు ఊరికి దూరమని విమర్శలొచ్చాయి. కొత్త ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు అంది. మూడు సెంట్లంటే 145 గజాలు, మనిషి బతకడానికి మెరుగైన కొలతే. కానీ కొలత మారినా కుటుంబం లెక్క మారలేదు. కార్డు పద్ధతి అలాగే ఉంది.

2024 ఎన్నికల్లో ల్యాండ్ టైటిలింగ్ చట్టం ఎంత భయం పుట్టించిందో అందరికీ తెలుసు. కొత్త ప్రభుత్వం వచ్చిన కొన్ని వారాల్లోనే దాన్ని రద్దు చేసింది. ఆ భయం ఉన్నది ఎవరికి? పోగొట్టుకోవడానికి కాగితం ఉన్న వాళ్లకు. కాగితమే లేని కుర్రాళ్లకు చెప్పింది 20 లక్షల ఉద్యోగాలు, నెలకు 3 వేల నిరుద్యోగ భృతి. పెద్దల ఇంటి భద్రతకు ఒక హామీ, పిల్లల ఉపాధికి ఒక హామీ ఉన్నాయి. పిల్లల ఇంటికి మాత్రం ప్రత్యేకంగా ఏ పార్టీ మాట ఇవ్వలేదు. చెన్నై, హైదరాబాద్, గుజరాత్ వెళ్లే రైలెక్కే ఉద్దానం కుర్రాళ్ల చిరాకు పార్టీ మీద కంటే ఈ ఖాళీ మీదే ఎక్కువ.

ఇదే మండలంలోని కాకరాపల్లిలో 2011లో థర్మల్ ప్లాంటు గొడవ, పోలీసు కాల్పులు, పోయిన ప్రాణాలు ఎవరూ మర్చిపోలేదు. ఇప్పుడు పలాస వైపు కార్గో ఎయిర్‌పోర్టు మాట వినగానే రైతులు భయపడుతున్నారంటే దాని వెనక ఆ జ్ఞాపకం కూడా ఉంది. అభివృద్ధి వద్దని కాదు వాళ్లు అనేది. లెక్కలో మమ్మల్ని ఎక్కడ రాశారో ముందు చూపించండి అంటున్నారు.

ఇంట్లో చేసుకోవాల్సినవి, సర్కారును అడగాల్సినవి

ప్రాజెక్టు పరిధిలో ఉన్న కుటుంబాలు పునరావాస జాబితాలో మేజర్ పిల్లల పేర్లు, ముఖ్యంగా ఆడపిల్లల పేర్లు విడిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఏ తేదీని లెక్కకు తీసుకున్నారో రాతపూర్వకంగా అడగాలి. కాలనీలో రోడ్డు, తాగునీరు, బడితో పాటు ప్రార్థనా స్థలం, శ్మశానం లేదా ఖబరస్తాన్ స్థలం కూడా చట్టంలోని సౌకర్యాల జాబితాలోనివే. అడిగితే దయ కాదు, హక్కు.

ప్రాజెక్టుకు బయట ఉన్న వాళ్లు తండ్రి బతికుండగానే ఇంటి కాగితాలు సరిచేసుకోవాలి. వాటాలు రాసుకుని, కూతురి వాటా స్థలంగా కుదరకపోతే డబ్బుగా ఎప్పుడిస్తారో కూడా రాయాలి. కొన్న స్థలానికి నిజమైన ధరే రాయించుకోవాలి.

ఇక ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒక్కటే. భూమి తీసుకునేటప్పుడు 18 నిండిన మనిషిని విడి కుటుంబం అని చట్టం ఒప్పుకుంది. స్థలం ఇచ్చేటప్పుడు కూడా ఆ మాటే ఒప్పుకోవాలి. పోనీ పెళ్లయిన వెంటనే కార్డు విడగొట్టే పనైనా వారాల్లో అయిపోవాలి. వచ్చే ఎన్నికలకు ఇంకా టైముంది. సంతబొమ్మాళి, టెక్కలి, పలాస వైపు ఓటు అడగడానికి వచ్చే వాళ్ల ముందు ఈ ప్రశ్న ఇప్పటినుంచే పెట్టొచ్చు.