పెద్ద తూటానా, మొరాయించని పిస్టలా? పోలీసు తుపాకీ ఎంపికలో ఏం చూడాలి

1986 ఏప్రిల్ 11. అమెరికాలోని మయామీ శివార్లలో ఇద్దరు బ్యాంకు దొంగల కారును ఎఫ్‌బీఐ ఏజెంట్లు అడ్డగించారు. ఏజెంట్లు ఎనిమిది మంది, దొంగలు ఇద్దరే. అయినా కొద్ది నిమిషాల్లోనే ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, ఐదుగురు గాయపడ్డారు. చివరికి దొంగలిద్దరూ హతమయ్యారు.

తర్వాత దర్యాప్తులో ఒక విషయం బయటపడింది. ఒక దొంగకు కాల్పుల మొదట్లోనే 9 ఎంఎం బుల్లెట్ తగిలింది. అది చేతిలోంచి దూసుకెళ్లి ఛాతీలోకి చేరింది, కానీ గుండె దాకా వెళ్లకుండా ఆగిపోయింది. ఆ గాయంతోనే అతడు కాలుస్తూ వచ్చాడు. ఇద్దరు ఏజెంట్లు ప్రాణాలు కోల్పోయింది ఆ తర్వాతే.

దీంతో 9 ఎంఎం సరిపోదని, ఇంకా పెద్ద తూటా కావాలని ఎఫ్‌బీఐ నిర్ణయించుకుంది. దాదాపు 30 ఏళ్ల తర్వాత అదే సంస్థ మళ్లీ 9 ఎంఎంకే తిరిగి వచ్చింది. ఈ మధ్యలో ఏం జరిగింది? మన పోలీసుల తుపాకుల విషయంలో ఇది ఎందుకు పనికొచ్చే పాఠం?

ముందుగా, క్యాలిబర్ అంటే?

సులువుగా చెప్పాలంటే తూటా లావు. .45 క్యాలిబర్ అంటే బుల్లెట్ వ్యాసం అంగుళంలో 45 శాతం, అంటే సుమారు 11.4 మిల్లీమీటర్లు. .45 పిస్టల్‌లో వాడే మామూలు బుల్లెట్ దాదాపు 15 గ్రాములు ఉంటుంది. 9 ఎంఎం బుల్లెట్ అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల బరువు ఉంటుంది.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌లో ట్రిగ్గర్ ఒకసారి నొక్కితే ఒక్క తూటానే పేలుతుంది. ఆ పేలుడు బలంతోనే పైభాగంలోని స్లయిడ్ వెనక్కి వెళ్లి, ఖాళీ తొడుగును బయటకు విసిరి, మ్యాగజైన్ నుంచి కొత్త తూటాను గొట్టంలోకి ఎక్కిస్తుంది. రెప్పపాటులో ఇన్ని కదలికలు ఉన్నాయి కాబట్టే ఎక్కడ తేడా వచ్చినా తుపాకీ మొరాయిస్తుంది. తూటా పెద్దదయ్యేకొద్దీ వెనక్కి తన్నే దెబ్బ సాధారణంగా పెరుగుతుంది. ఆ దెబ్బ కాల్చేవారి చేతికే కాదు, తుపాకీ భాగాలకూ తగులుతుంది.

ఎఫ్‌బీఐ ఎందుకు వెనక్కి వచ్చింది?

మయామీ ఘటన తర్వాత ఎఫ్‌బీఐ పరీక్షలకు ఒక కొలమానం పెట్టుకుంది. శరీర కండరాన్ని పోలిన జెలటిన్ దిమ్మెలోకి బుల్లెట్ కనీసం 12 అంగుళాలు వెళ్లాలి, 18 అంగుళాలు దాటకూడదు. మరీ తక్కువ వెళితే దుండగుడు ఆగడు. మరీ ఎక్కువ వెళితే అతడి వెనకున్న అమాయకుడికి తగలొచ్చు.

ముందు 10 ఎంఎం తూటాను ఎంచుకున్నారు. పూర్తి శక్తితో కాలిస్తే దాన్ని అదుపు చేయడం చాలామందికి కష్టమైంది. దాంతో మందు తగ్గించి వాడారు. అంత తక్కువ మందుకు అంత పొడవు తూటా ఎందుకన్న ఆలోచనతో 1990లో .40 క్యాలిబర్ వచ్చింది. ఎఫ్‌బీఐ తర్వాత దానికే మారింది, అమెరికాలోని అనేక పోలీసు శాఖలూ అదే బాట పట్టాయి.

2014లో ఎఫ్‌బీఐ శిక్షణ విభాగం ఈ దారినంతా తిరిగి బేరీజు వేసింది. బుల్లెట్ల తయారీ మెరుగుపడిందని, మంచి 9 ఎంఎం బుల్లెట్ కూడా అదే లోతుకు వెళుతోందని తేల్చింది. అంతకన్నా ముఖ్యమైన మాట ఇంకోటి చెప్పింది. నిజమైన కాల్పుల్లో పోలీసులు పేల్చే తూటాల్లో 70 నుంచి 80 శాతం గురి తప్పుతున్నాయి. తగలని తూటా ఎంత పెద్దదైతే ఏం లాభం?

9 ఎంఎం తక్కువ తన్నుతుంది, అందుకే రెండో తూటాను త్వరగా, సూటిగా పేల్చవచ్చు. మ్యాగజైన్‌లో ఎక్కువ తూటాలు పడతాయి. శిక్షణ ఖర్చు తగ్గుతుంది. తుపాకీ తక్కువ అరుగుతుంది, తమ ఆయుధాలు మొరాయించడమూ తక్కువేనని ఆ విభాగం రాసింది. ఇంకోలా చెప్పాలంటే క్యాలిబర్ ఎంపికకూ తుపాకీ మన్నికకూ నేరుగా లంకె ఉంది.

మరి .45కి అంత పేరెలా వచ్చింది?

ఆ పేరు ఊరికే రాలేదు. 20వ శతాబ్దం మొదట్లో ఫిలిప్పీన్స్ యుద్ధంలో తమ .38 రివాల్వర్లు ఎదుటివారిని ఆపలేకపోతున్నాయని అమెరికా సైనికులు ఫిర్యాదు చేశారు. 1904లో జరిపిన పరీక్షల తర్వాత కనీసం .45 ఉండాలని సైన్యం తేల్చింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన కోల్ట్ పిస్టల్ 1911లో ఆ అవసరం తీర్చింది.

అయితే అది గెలిచింది తూటా సైజుతో కాదు. పోటీకి వచ్చిన సావేజ్ పిస్టల్ కూడా .45నే. తుది పరీక్షలో ఒక్కోదానితో 6,000 తూటాలు కాల్చారు. కోల్ట్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. సావేజ్ 37 సార్లు ఆగింది. 70 ఏళ్లకు పైగా అమెరికా సైన్యం చేతిలో నిలిచిన ఎం1911 ఎంపికైంది అలా.

గెలిచిన పిస్టల్‌లోనూ లోపాలు ఉంటాయా?

ఉంటాయి. 1985లో ఎం1911 స్థానంలో 9 ఎంఎం బెరెట్టాను అమెరికా సైన్యం ఎంచుకుంది. తొలి ఏళ్లలోనే కొన్ని పిస్టళ్ల స్లయిడ్లు కాలుస్తుండగా విరిగాయి, కొందరి ముఖాలకు గాయాలయ్యాయి. స్లయిడ్ విరిగినా వెనక్కి ఎగిరి రాకుండా తర్వాత డిజైన్ మార్చారు.

2017 జనవరిలో దాని స్థానంలోకి సిగ్ సావర్ కంపెనీ పీ320 వచ్చింది. కాంట్రాక్టు విలువ గరిష్ఠంగా 58 కోట్ల డాలర్లు. కిందపడితే పేలే ప్రమాదం ఉందని సైన్యం పరీక్షల్లో తేలడంతో ట్రిగ్గర్ భాగాలు మార్పించారు. అదే ఏడాది ఆగస్టులో, పౌరులకు అమ్మిన పిస్టళ్లకూ మార్పులు చేసి ఇస్తామని కంపెనీ ప్రకటించింది. ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ ఆ మోడల్‌పై తర్వాత కూడా కేసులు పడ్డాయి. కంపెనీ ఆ ఆరోపణలను ఖండిస్తోంది.

సైన్యం పరీక్షల్లోనే ఇంకో సంగతి తేలింది. అదే పిస్టల్ ఒక రకం తూటాతో బాగా పనిచేసి, మరో రకంతో ఎక్కువసార్లు ఆగింది. అందుకే తుపాకీని ఒక్కదాన్నే చూసి నమ్మకమైనదని చెప్పలేం. తుపాకీ, తూటా, మ్యాగజైన్ కలిపి పరీక్షించాలి.

మన దగ్గర పరిస్థితి ఏంటి?

భారత్‌లో పెద్ద క్యాలిబర్ పిస్టల్ ఎంపిక పౌరుడి చేతిలో ఉండే విషయం కాదు. సైన్యం వాడే 9 ఎంఎం తూటాలను పేల్చగల పిస్టళ్లు ఆయుధ నిబంధనల ప్రకారం నిషేధిత కోవలోకి వస్తాయి. అనుమతి లేకుండా అలాంటి ఆయుధం దగ్గర ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా 14 ఏళ్ల జైలు శిక్ష పడుతుంది.

ప్రాణహాని ఉందని లైసెన్సు పొందినవారికి మామూలుగా దొరికేది .32 పిస్టల్ లేదా రివాల్వర్. కమిషనరేట్ ఉన్న నగరాల్లో పోలీసు కమిషనర్, మిగతా జిల్లాల్లో కలెక్టర్ లైసెన్సు ఇస్తారు. దానికి ముందు స్థానిక పోలీసుల నివేదిక తప్పనిసరి. లైసెన్సు గడువు ఇప్పుడు ఐదేళ్లు. ఒకరి దగ్గర రెండు తుపాకులకు మించి ఉండకూడదు.

పోలీసులు, భద్రతా బలగాలు దశాబ్దాలుగా వాడుతున్నది బ్రౌనింగ్ డిజైన్‌పై ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే 9 ఎంఎం పిస్టల్. వాటి స్థానంలో ఏది కొనాలో నిర్ణయించేది ప్రభుత్వాలు, చెల్లించేది మన పన్ను డబ్బు.

అమెరికాలో మనవాళ్లున్నారా?

ఉంటే ఈ ఒక్క విషయం వారికి చెప్పండి. ఎఫ్-1, హెచ్-1బీ వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటం అక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు ఉన్నవారికి, మరికొన్ని సందర్భాల్లో మినహాయింపులు ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. స్నేహితుడు కొంటున్నాడు కదా అని మీవాళ్లు కొనేస్తే, వీసానే కాదు, స్వేచ్ఛ కూడా పోయే ప్రమాదం ఉంది.

కొనేటప్పుడు అడగాల్సినవి

పోలీసు శాఖ కొత్త పిస్టళ్లు కొంటోందన్న వార్త చూసినప్పుడు "ఏ క్యాలిబర్?" అన్నది మొదటి ప్రశ్న కానక్కర్లేదు. ఇవి అడగాలి:

• ఎన్ని తూటాలు కాల్చి పరీక్షించారు? ఎన్నిసార్లు ఆగింది?
• సిబ్బంది రోజూ వాడబోయే తూటాతోనే పరీక్షించారా?
• దుమ్ములో, వానలో, కిందపడినప్పుడు ఏమైంది?
• స్ప్రింగులు, మ్యాగజైన్లు ఎప్పుడు మార్చాలి? విడిభాగాలు, మరమ్మతు చేసే ఆర్మరర్ అందుబాటులో ఉంటారా?
• చిన్న చేతులున్న కానిస్టేబుల్ కూడా ఆ పిడిని పట్టుకుని గురి పెట్టగలరా?
• ఏడాదికి ఒక్కొక్కరికి ఎన్ని తూటాలతో సాధన చేయిస్తారు?

చివరి ప్రశ్నను చాలామంది పట్టించుకోరు. ఎంత మేలైన పిస్టల్ అయినా ఏళ్ల తరబడి హోల్‌స్టర్‌లోంచి బయటకు రాకపోతే, అవసరం పడిన రోజున ఆ చేతిలో అది కొత్త వస్తువే. ఆ క్షణంలో తుపాకీ ఆగితే కానిస్టేబుల్ ప్రాణం పోవచ్చు. గురి తప్పితే దారిన పోయేవారి ప్రాణం పోవచ్చు.