సంచిలో ఉన్న జత కాళ్లకెందుకు లేదు?

మొన్న మాఘమాసంలో మా అక్క కూతురి రిసెప్షన్ హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. రాత్రి ఏడున్నరకు స్టేజీ ఎక్కిన పిల్ల పదకొండు దాటినా దిగలేదు. కాళ్లకు నాలుగంగుళాల హీల్స్. సోఫాలో ఒక్క నిమిషం కూచుంటే చాలు, ఫొటోకని మళ్లీ లేపేవాళ్లు. స్టేజీ పక్కన కూచున్న నా చేతిసంచిలో ఆమె మడత చెప్పులున్నాయి. రెండుగా మడిచి చిన్న గుడ్డ సంచిలో పెట్టిన పల్చటి జత. "ఇగ ఏసుకో బిడ్డా" అని రెండుసార్లు చెవిలో చెప్పాను. "ఇంకో రెండు ఫ్యామిలీలు అయిపోనీ చిన్నమ్మా" అంది. ఇంటికొచ్చి హీల్స్ విప్పితే రెండో వేలు మెట్టె చుట్టూ వాచిపోయి ఉంది. సబ్బునీళ్లు పోసి ఆ మెట్టె తీసేసరికి పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మడత చెప్పులు మడత విప్పకుండానే తిరిగొచ్చాయి.

హీల్స్ గురించి ఎవరు బాధపడినా ఇప్పుడు అందరి దగ్గరా ఒకటే జవాబు సిద్ధంగా ఉంది. మడత చెప్పులు ఒక జత సంచిలో పెట్టుకో, నొప్పి మొదలవగానే మార్చుకో. చెప్పుల దుకాణంలో అదే మాట, స్నేహితురాళ్లదీ అదే మాట, తల్లులూ అదే అంటున్నారు. తెలివైన ఆడపిల్ల లక్షణం అట ఇది. బ్రిటన్‌లో అయితే నైట్‌క్లబ్బుల్లో యంత్రంలో డబ్బులు వేస్తే చుట్టిన ఫ్లాట్స్ జత బయటికొచ్చే ఏర్పాటు కూడా చేశారు. ఈ సలహా తప్పని నేనంటాను. చెప్పుల్లో తప్పేమీ లేదు. వాటిని సంచిలోనే ఉంచమనడంలో ఉంది తప్పు.

ముందు చీర సంగతి చూద్దాం. ఈ సలహా ఇచ్చేవాళ్లు ఎన్నడైనా పెళ్లికూతురికి చీర కట్టారా? హీల్స్ వేసుకుని నిలబడ్డాకే కుచ్చిళ్లు పెడతారు. అంచు నేలకు ఎంత ఎత్తులో ఉండాలో ఆ మడమే నిర్ణయిస్తుంది. లెహంగా కుట్టే టైలర్ కూడా కొలత తీసుకునే ముందు ఏ చెప్పులు వేసుకుంటారని అడుగుతాడు. నాలుగంగుళాల మడమకు కట్టిన చీరలో ఉండి మడత చెప్పుల్లోకి దిగితే ఆ నాలుగంగుళాల బట్ట కాళ్ల కింద పడుతుంది. జరీ అంచు తొక్కుకుంటూ నడవాలి, లేదా రెండు చేతులా కుచ్చిళ్లు ఎత్తిపట్టుకోవాలి. మెట్లు దిగుతూ తట్టుకుని పడిన పిల్లల్ని నేను చూశాను. ఒకసారి హీల్స్ మీద చీర కట్టించుకున్నాక దిగే దారి మూసుకుపోయినట్టే. మా పిల్ల మొండితనంతో వద్దనలేదు. దిగితే చీర పాడవుతుందని తెలిసి వద్దంది.

రెండోది ఒళ్లు. నొప్పి పుట్టాక మార్చుకుంటే చాలనుకోవడం పొరపాటు. మడమ లేచిన కొద్దీ బరువు ముందుపాదం మీదికి జరుగుతుంది, వేళ్లు ఇరుకు మొనలోకి తోసుకుపోతాయి. ఏళ్ల తరబడి అలవాటైతే పిక్కల కండరం కురచబారుతుంది, మడమ వెనక స్నాయువు బిగుస్తుంది. అలాంటి కాలిని ఒక్కసారిగా కాగితంలాంటి అట్ట మీదికి దింపితే బిగిసిన పిక్క గుంజుకుపోతుంది. పైగా మడిచేందుకు వీలుగా చేసిన చెప్పుకు అరికాలి వంపును మోసే బలం ఉండదు. మే నెలలో వరంగల్ చౌరస్తాలో తారు రోడ్డు మీద దాంతో నాలుగడుగులు వేసి చూడండి. మోకాళ్ల మాట వేరే చెప్పాలి. 1998లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, ఉత్తి కాళ్లతో నడిచినప్పటికంటే హైహీల్స్‌తో నడిచినప్పుడు మోకీలును పక్కకు వంచే బలం 23 శాతం పెరిగిందని తేల్చింది. సన్న మడమ కాకుండా వెడల్పు మడమ వేసుకుంటే పరవాలేదనేవాళ్లకు అదే బృందం 2001లో జవాబిచ్చింది. వెడల్పు మడమతోనూ ఆ బలం 26 శాతం పెరిగింది. ఇది కాలికి నొప్పి తెలియకముందే జరిగే పని.

మన వరంగల్‌లో ఇంకో వాదన వినిపిస్తుంది. రామప్ప గుడిలో ఒక శిల్పసుందరి కాళ్లకు ఎత్తు మడమల చెప్పులుంటాయి. ఎనిమిది వందల ఏళ్ల కిందటే మన ఆడవాళ్లు హైహీల్స్ వేశారని గైడ్లు చూపిస్తారు, మనం ఫొటో తీసుకుని పొంగిపోతాం. ఆ శిల్పాన్ని చూస్తే నాకూ గర్వమే. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన గుడి. నల్లరాతిని అంత నునుపుగా చెక్కిన చేతులకు ఎన్నిసార్లు మొక్కినా తక్కువే. కానీ ఆ బొమ్మను ఇవాళ్టి పిల్ల మీద వేసే బరువుకు సాక్ష్యంగా నిలబెట్టడం న్యాయం కాదు. ఆ సుందరి చూరు కింద రాతికి అతుక్కుని ఉంది. ఆమెకు మెట్లు దిగే పని లేదు, రిసెప్షన్ లేదు, ఆఖరి బస్సు పట్టుకునే హడావుడి లేదు.

మడమ చరిత్ర అంతా అంతే. పర్షియా రౌతులు రికాబులో కాలు జారకుండా మడమల జోళ్లు తొడిగారు. పదిహేడో శతాబ్దంలో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ ఎర్రమడమలు వేసి దర్బారులో నిలిచాడు. ఒకరు గుర్రం మీద ఉన్నవారు, ఒకరు నడవాల్సిన అవసరం లేనివారు. వాళ్లు వదిలేసిన మడమ చివరికి గంటల తరబడి నిలబడాల్సిన ఆడదాని కాలికి చేరింది.

నా ఇష్టంతో వేసుకుంటున్నానని ఎవరైనా అంటే వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ ఆ ఇష్టం ఎక్కణ్నుంచి మొదలైందో చాలా ఇళ్లల్లో నాకు తెలుసు. పెళ్లిచూపుల నాడే "పిల్ల కొంచెం పొట్టి" అన్న మాట పడుతుంది. ఫొటోలో జోడీ కుదరాలని అటువాళ్లు అంటారు, హీల్స్ వేయిస్తాంలే అని ఇటువాళ్లు తలూపుతారు. అబ్బాయి ఆరడుగులుంటే ఆ లెక్క అమ్మాయి మడమల్లో సర్దాలి. అబ్బాయి సంచిలో రెండో జత ఎందుకు ఉండదో ఒక్కసారి ఆలోచించండి. పగలంతా తిరగగలిగిన బూట్లతోనే అతను స్టేజీ ఎక్కుతాడు గనుక.

కొలువుల్లోనూ ఇదే కథ. రిసెప్షన్ బల్ల వెనక ఆడపిల్ల హీల్స్‌తో నిలబడితేనే హుందా అన్న నమ్మకాన్ని ఇతర దేశాలు వదిలించుకుంటున్నాయి. 2017లో ఫిలిప్పీన్స్ కార్మిక శాఖ, ఉద్యోగినులను హైహీల్స్ వేసుకోమని బలవంతపెట్టకూడదని ఆదేశించింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం అదే ఏడాది అదే పని చేసింది. జపాన్‌లో హీల్స్ బలవంతానికి ఎదురుతిరిగి 2019లో యుమి ఇషికావా మొదలుపెట్టిన కుటూ ఉద్యమం తర్వాత జపాన్ ఎయిర్‌లైన్స్ 2020లో తన సిబ్బందికి హీల్స్ నిబంధన తీసేసింది. మన దేశంలోనే కేరళలో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్లు కూర్చునే హక్కు కోసం పోరాడి 2018లో చట్టాన్నే సవరింపజేసుకున్నారు. ఆ పోరాటాల్లో ఎవరూ సంచిలో ఇంకో జత పెట్టుకుంటామని రాజీపడలేదు.

మడత చెప్పులు చేసినవాళ్ల శ్రమను నేను తీసిపారేయను. వానలో చెప్పు తెగితే, ప్రయాణంలో కాళ్లు ఉబ్బితే ఆ జత నిజంగా ఆదుకుంటుంది. ఆపదకు పనికొచ్చే వస్తువును రోజూ పడే బాధకు కట్టుగా వాడొద్దనే నా గోడు.

వచ్చే మాఘంలో, ఫాల్గుణంలో మన ఊళ్లో మళ్లీ పెళ్లిళ్లున్నాయి. ఆడపిల్లను కన్నవాళ్లకు, తెచ్చుకుంటున్నవాళ్లకు నా మనవి ఒకటే. మంచి మెత్తటి అట్ట ఉన్న ఫ్లాట్స్ కొనండి, పట్టీ మీద కుందన్లు కావాలంటే కుట్టించండి. పెళ్లిరోజు పొద్దున పిల్లకు ముందు అవి తొడిగి, వాటి మీదే చీర కట్టించండి.